ఫోన్ బ్యాటరీ మార్పించుకోవాలా? ఏం అడగాలో, ఏం రాయించుకోవాలో తెలుసుకుని వెళ్ళండి

పోయిన వేసవిలో ఊరికి వెళ్ళినప్పుడు చూస్తే మా అమ్మ తన ఫోనుకు రబ్బరు బ్యాండు చుట్టి వాడుతోంది. "మూత లేచిపోతోందిరా, అందుకే కట్టాను" అంది. లేస్తున్నది మూత కాదు, లోపల బ్యాటరీ పూరీలా ఉబ్బి మూతను పైకి నెడుతోంది. ఆ ఫోనునే రాత్రంతా తలగడ పక్కన ఛార్జింగ్ పెట్టుకుని పడుకుంటోంది. మర్నాడే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, "పాత మోడల్ సార్, బ్యాటరీ రాదు, ఎక్స్‌ఛేంజ్‌లో కొత్తది చూసుకోండి" అన్నాడు. "సరే బాబూ, అదే మాట జాబ్‌షీట్ మీద రాసి ముద్ర వేసి ఇవ్వు" అన్నాను. ఫోను రిపేరుకు తీసుకుంటూ వాళ్ళు రాసిచ్చే కాగితమే జాబ్‌షీట్. కుర్రాడు లోపలికి వెళ్ళి పది నిమిషాలకు తిరిగొచ్చి, వారంలో తెప్పిస్తామన్నాడు. తెప్పించారు కూడా.

నేను రాస్తున్నది ఆ పది నిమిషాల గురించే. మన దేశంలో ఫోన్ బ్యాటరీ గురించి ప్రభుత్వం పెట్టిన రూల్స్ తక్కువే. ఉన్నవైనా ఎవరో వచ్చి మన తరఫున అమలు చేయించరు. ఏ మాట ఎక్కడ అడగాలో తెలిసి, దాన్ని కాగితం మీదకు ఎక్కిస్తే మాత్రం చాలా పనులు అక్కడే తేలిపోతాయి.

ముందు బ్యాటరీయేనా కాదా తేల్చుకోండి

ఛార్జింగ్ నిలవడం లేదంటే బ్యాటరీ పోయినట్టేనని తీర్మానించేయకండి. ఛార్జింగ్ పిన్ను పెట్టే రంధ్రంలో జేబు దూది పేరుకున్నా, కేబుల్ పాడైనా, ఏదో యాప్ వెనకాల నడుస్తున్నా ఇదే గోల. వేరే ఛార్జర్‌తో ఒకరోజు చూడండి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం దగ్గరికి వెళ్ళి ఏ యాప్ ఎంత తింటోందో చూడండి.

ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ అని శాతం చూపిస్తుంది. 80కి దిగిందంటే మార్చే వయసు వచ్చినట్టు. సామ్‌సంగ్ ఫోన్లలో సామ్‌సంగ్ మెంబర్స్ యాప్‌లో పరీక్ష పెట్టుకోవచ్చు. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు కొన్నిటిలో సెట్టింగ్స్‌లోనే ఎన్నిసార్లు ఛార్జ్ అయిందో కనిపిస్తుంది. ఏదీ లేకపోతే లక్షణాలే చెబుతాయి. 30 శాతం ఉందని చూపిస్తూనే ఫోను ఆగిపోవడం, ఛార్జింగ్ పెట్టగానే అంకె గబగబా ఎగబాకడం, కెమెరా తెరిస్తే ఆరిపోవడం, ఇవన్నీ ముసలి బ్యాటరీ పనులు.

ఫోను నెమ్మదించినా ఒకసారి బ్యాటరీని అనుమానించండి. 2017 చివర్లో ఆపిల్ కంపెనీయే ఒప్పుకున్న విషయం ఇది. బ్యాటరీ ముసలిదైన ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండాలని సాఫ్ట్‌వేర్‌తో వాటి వేగం తగ్గించారు. ఆ సంగతి వాడేవాళ్ళకు చెప్పలేదు. అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించి క్షమాపణ చెప్పుకున్నారు. చెప్పకుండా చేసినందుకు ఫ్రాన్స్ 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. ఫోను పాతబడిపోయిందనుకుని కొత్తది కొనేసినవాళ్ళలో ఎంతమందికి ఒక్క బ్యాటరీతో పోయేదో మరి.

ఉబ్బిన బ్యాటరీ అయితే ఈ పరీక్షలేవీ వద్దు. వెంటనే ఛార్జింగ్ ఆపేయండి, ఫోను ఆపేయండి. మూతను నొక్కి సరిచేయకూడదు, పిన్నుతో గుచ్చకూడదు. కొందరు బియ్యం డబ్బాలో పెడతారు. అది నీళ్ళలో పడ్డ ఫోనుకు చేసే చిట్కా, దీనికి పనికిరాదు. పరుపూ బట్టలూ లేనిచోట, పింగాణీ పళ్ళెంలోనో నేల మీదో ఉంచి వీలైనంత త్వరగా రిపేరుకు తీసుకెళ్ళండి.

బిల్లు వెతకండి

ఫోను కొన్న బిల్లు, ఐఎంఈఐ నంబరు, వారంటీ తేదీ, ఈ మూడూ చేతిలో ఉండాలి. ఐఎంఈఐ అంటే ఫోనుకు ఉండే గుర్తింపు నంబరు. *#06# కొడితే వస్తుంది, బిల్లు మీద ఉన్నదానితో సరిపోవాలి. ఆన్‌లైన్లో కొంటే ఆర్డర్ల జాబితాలో ఇన్‌వాయిస్ మళ్ళీ దించుకోవచ్చు. షాపులో కొన్నదైతే మీ ఫోన్ నంబరు చెబితే చాలాచోట్ల కంప్యూటర్లోంచి తీసిస్తారు.

వారంటీ కాగితాన్ని ఒక్కసారైనా చదవండి. మామూలుగా ఫోనుకు ఏడాది, పెట్టెలో వచ్చే ఛార్జర్‌కూ కేబుల్‌కూ ఆరు నెలలు ఉంటుంది. బ్యాటరీ ఏ లెక్కలోకి వస్తుందో కంపెనీని బట్టి మారుతుంది. వారంటీ ఉన్నంతకాలం బయట షాపులో మూత తెరిపించకండి. ఆ ఒక్క కారణంతో మిగతా రిపేర్లన్నీ కాదనేస్తారు, వాదించడం తర్వాత కష్టం.

ఫోను వాళ్ళ చేతికి ఇచ్చే ముందు

ఫొటోలూ కాంటాక్టులూ బ్యాకప్ చేసుకోండి. సిమ్, మెమరీ కార్డు తీసేయండి. సామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. అవి ఆన్ చేస్తే మెకానిక్‌కు ఫోను పనిచేస్తుంది కానీ మీ ఫొటోలూ బ్యాంకు యాప్‌లూ కనిపించవు. మీ ఫోనులో అలాంటిది ఉందేమో సెట్టింగ్స్‌లో వెతకండి.

జాబ్‌షీట్‌లో లాక్ ప్యాటర్న్ గీయమని చుక్కల గడి ఒకటి ఉంటుంది చూశారా, దాన్ని ఖాళీగా వదిలేయండి. బ్యాటరీ మార్చడానికి మీ పిన్ నంబరు అక్కర్లేదు. మార్చాక ఆన్ చేసి చూడాలంటే మీరే ఎదురుగా తెరిచి ఇవ్వొచ్చు. మీరు నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని షాపువాళ్ళు బయటపెడితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని అనుచిత వ్యాపారం కింద లెక్కేస్తుంది. కానీ ఫొటోలు బయటికి పోయాక చట్టం ఏం చేసినా ఏం లాభం? ముందే ఇవ్వకపోవడం మేలు.

సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర

ఇక్కడ తొందరపడకండి. మూడు ప్రశ్నలు అడగండి. బ్యాటరీకి ఎంత, కూలీ ఎంత, పన్ను కలిపి మొత్తం ఎంత? మార్చిన బ్యాటరీకి ఎన్నాళ్ళ వారంటీ? ఎన్ని రోజుల్లో ఇస్తారు? జవాబులన్నీ జాబ్‌షీట్ మీదకు రావాలి. సమస్యను మీ మాటల్లోనే రాయించండి. "బ్యాటరీ ప్రాబ్లం" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, రేపు "చెక్ చేస్తే మదర్‌బోర్డ్ పోయింది సార్" అన్నప్పుడు మీ దగ్గర మాట ఉండదు. ఫోను మీద అప్పటికే ఉన్న గీతలూ పగుళ్ళూ కూడా రాయించండి, ఒక ఫొటో తీసుకోండి. ఎస్టిమేట్ దాటితే ముందు ఫోన్ చేసి అడగాలని రాయించడం మరిచిపోకండి.

"పార్ట్ రాదు" అన్నారనుకోండి. ఇన్నేళ్ళపాటు విడిభాగాలు అమ్మి తీరాలని ఫోన్ కంపెనీలను కట్టడి చేసే చట్టం మన దగ్గర ఇంకా లేదు. మూత గోరుతో తీసేలా ఉండాలన్న రూలు అంతకన్నా లేదు. ఉన్నది రైట్ టు రిపేర్ పోర్టల్. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో దీనికోసం ఒక కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పనిముట్లు, ఫోన్లూ ఎలక్ట్రానిక్స్, ఇంట్లో వాడే యంత్రాలు, వాహనాలు, ఈ నాలుగు రంగాల కంపెనీలు తమ సర్వీస్ సెంటర్లూ వారంటీ వివరాలూ విడిభాగాల సమాచారమూ అందులో పెట్టాలన్నది ఉద్దేశం. కౌంటర్‌కి వెళ్ళే ముందే ఆ పోర్టల్లో మీ కంపెనీ పేజీ, అక్కణ్ణుంచి కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో విడిభాగాల ధరల పేజీ తెరిచి చూడండి. మీ మోడల్ బ్యాటరీకి అక్కడ ధర రాసి ఉంటే దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. "రాదు" అన్నవాడికి అది చూపించడానికి మించిన వాదన లేదు.

ధర రాసి లేకపోయినా, రాదన్న మాటను రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే అక్కడే నిలబడి కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి. ఫలానా తేదీన ఫలానా ఊళ్ళో మీ సర్వీస్ సెంటర్‌లో ఇలా చెప్పారు, నిజమేనా అని రెండు వాక్యాలు చాలు. తర్వాత ఎక్కడికి వెళ్ళినా ఆ మెయిలే మీ సాక్ష్యం.

ఈ గొడవ ఫోన్లతో మొదలైంది కాదు. వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలనూ, రిపేరుకు కావలసిన సమాచారాన్నీ బయటి మెకానిక్‌లకు దొరకనీయడం లేదన్నది ఆరోపణ. కార్ల మెకానిక్‌కు ఏ న్యాయమైతే వర్తిస్తుందో ఫోన్ల మెకానిక్‌కూ అదే వర్తించాలి కదా అని నాకనిపిస్తుంది.

బయట షాపులో అయితే: ఆర్ నంబరు చూడకుండా డబ్బు ఇవ్వకండి

వారంటీ అయిపోయిన ఫోనుకు నిజానికి చాలామంది బయటే వేయిస్తారు. తప్పేం లేదు. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో కూర్చునే కొందరు కుర్రాళ్ళ చేతిలో ఉన్న పనితనం పెద్ద షోరూముల్లో దొరకదు. అసలు చిక్కు చేతిపనితో కాదు, లోపల పెట్టే సరుకుతో. "ఒరిజినల్", "కంపెనీ పీస్", "ఫస్ట్ కాపీ" అనే మూడు మాటలకు ఒక్కో షాపులో ఒక్కో అర్థం.

నోకియా బీఎల్-5సీ బ్యాటరీ గుర్తుందా? ఫోనులోనూ అదే, ఊళ్ళో ఎఫ్ఎం రేడియోలోనూ అదే. 2007 ఆగస్టులో నోకియా ఒక హెచ్చరిక చేసింది. మత్సుషిత అనే కంపెనీ 2005 డిసెంబర్ నుంచి 2006 నవంబర్ దాకా తయారుచేసిన 4.6 కోట్ల బీఎల్-5సీ బ్యాటరీలు ఛార్జింగ్‌లో వేడెక్కే అవకాశం ఉంది, నంబరు చూసుకోండి, ఉచితంగా మారుస్తాం అని. అప్పుడు ఊరూరా పెద్ద కలకలమే. కానీ జనం చేసిన పని చూడండి. గోరుతో మూత తీశారు, బ్యాటరీ వెనక్కి తిప్పారు, నంబరు చదువుకున్నారు. ఇప్పుడు మన ఫోనులో ఏ కంపెనీ బ్యాటరీ ఉందో మనకు కనబడను కూడా కనబడదు. మూత తెరిచేది మెకానిక్ కాబట్టి అతను తెరిచిన ఆ ఒక్కసారే మనం చూసే వీలు. అందుకే ఫోను ఇచ్చేసి టీ తాగడానికి వెళ్ళకండి. ఎదురుగా కూర్చోండి.

కొత్త బ్యాటరీని ఫోనులో అతికించక ముందు చేతిలోకి తీసుకోండి. మన దేశంలో అమ్మే లిథియం బ్యాటరీ, వస్తువుల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ బీఐఎస్ దగ్గర నమోదై ఉండాలి. ఎలక్ట్రానిక్ వస్తువులకు తప్పనిసరి నమోదు అని 2012లో కేంద్రం తెచ్చిన ఆర్డరు ఇది, బ్యాటరీలను తర్వాత అందులో చేర్చారు. ఛార్జర్లకూ పవర్ బ్యాంకులకూ ఫోన్లకూ కూడా ఇదే వర్తిస్తుంది. గుర్తు ఎలా ఉంటుందంటే, బీఐఎస్ ముద్ర, దాని పైన ఐఎస్ 16046 అనే ప్రమాణం నంబరు, కింద ఆర్ అక్షరం, గీత, ఎనిమిది అంకెలు. ఆర్ నంబరంటే ఇదే.

గుర్తు ఉంది కదా అని వదిలేయకండి. గుర్తు ఎవడైనా అచ్చు వేయించగలడు. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ వేసుకోండి. బంగారం కొన్నప్పుడు హాల్‌మార్క్ నంబరు చూస్తామే, అదే యాప్. అందులో ఆర్ నంబరు సరిచూసే చోట ఆ ఎనిమిది అంకెలూ కొట్టండి. తయారీదారు పేరు, ఫ్యాక్టరీ ఉన్న దేశం, వస్తువు రకం, బ్రాండు, నమోదు ఇంకా నడుస్తోందా లేదా, అన్నీ వస్తాయి. నంబరు నిజమైనదే కావచ్చు, కానీ యాప్‌లో వచ్చిన బ్రాండూ బ్యాటరీ మీద ఉన్న బ్రాండూ ఒకటేనా? వస్తువు రకం దగ్గర బ్యాటరీ అని ఉందా, పవర్ అడాప్టర్ అని ఉందా? అడాప్టర్ నంబరు తెచ్చి బ్యాటరీ మీద అచ్చేస్తే అది దొంగ సరుకే.

ఇంకొక చిన్న లెక్క ఉంది, యాప్ కూడా అక్కర్లేదు. బ్యాటరీ మీద మూడు అంకెలు ఉంటాయి. ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పేది), వోల్టులు, వాట్ అవర్లు (మొత్తం ఎంత శక్తి నిలవ ఉంటుందో చెప్పేది). ఎంఏహెచ్‌ను వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు రావాలి. 5,000 ఎంఏహెచ్, 3.85 వోల్టులు అయితే 19.25 రావాలి. లెక్క కుదరకపోతే ఆ లేబుల్ రాసినవాడికి లోపలున్నదేమిటో తెలియదన్నమాట. మీ పాత బ్యాటరీ 4,000 అయి, అదే సైజులో "6,000 ఎంఏహెచ్, హై కెపాసిటీ" అని అమ్ముతుంటే నవ్వి ఊరుకోండి.

తయారైన తేదీ కూడా చూడండి. బ్యాటరీ వాడకపోయినా ముసలిదవుతుంది. మూడేళ్ళు అలమరలో ఉన్నదాన్ని కొత్తదని వేయించుకోకండి. విడిగా పెట్టెలో వచ్చినదైతే పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, నెల, సంవత్సరం, ఏ దేశపు సరుకో రాసి ఉండాలి. ఇది తూనికలు కొలతల శాఖ రూలు. ఏ రాతా లేని తెల్ల పెట్టె ఇస్తే ఎందుకలా అని అడగడంలో మొహమాటం వద్దు.

ఇంకో రెండు ముక్కలు. నీళ్ళు తగిలినా ఫర్వాలేదనే ఫోన్లలో మూత తీశాక కొత్త గమ్ము పట్టీ వేయకపోతే ఆ రక్షణ పోయినట్టే. వేస్తున్నారో లేదో అడగండి. ఐఫోన్లలో బయటి బ్యాటరీ వేస్తే సెట్టింగ్స్‌లో తెలియని భాగం అని వస్తుంది. ఫోను పనిచేస్తుంది, హెల్త్ శాతం మాత్రం చూపించకపోవచ్చు. దీనికి షాపువాణ్ణి తిట్టి లాభం లేదు, అది కంపెనీ సాఫ్ట్‌వేర్ పెట్టిన మెలిక.

బిల్లు లేకుండా బయటికి రాకండి

"బిల్లంటే పన్ను పడుతుంది సార్, వద్దనుకుంటే రెండు వందలు తగ్గిస్తా" అంటారు. ఆ రెండు వందలకు ఆశపడితే తర్వాత దారులన్నీ మూసుకుపోతాయి. అమ్మిన సరుకుకూ చేసిన పనికీ బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం దృష్టిలో అనుచిత వ్యాపారమే. చిన్న షాపుకు జీఎస్టీ నంబరు ఉండకపోవచ్చు, అయినా రసీదు ఇవ్వాలి. అందులో షాపు పేరు, చిరునామా, తేదీ, మీ పేరు, బ్యాటరీ బ్రాండు, ఇచ్చిన ధర, సంతకం ఉండాలి. నేనైతే ఆర్ నంబరూ, "ఆరు నెలలు వారంటీ" అన్న మాటా కూడా రాయించుకుంటాను. చిరాకుపడతారు కానీ రాస్తారు. డబ్బు యూపీఐలో ఇవ్వండి, అది ఇంకో సాక్ష్యం.

పాత బ్యాటరీని ఒకసారి చూపించమనండి. మార్చకుండానే మార్చామనే వాళ్ళు లేకపోలేదు. ఉబ్బకుండా ఉంటే ఇంటికి తెచ్చుకుని టేబుల్ సొరుగులో దాచుకోవాలన్న కోరిక మాత్రం మానుకోండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం పాతవి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది, విడిగా అప్పజెప్పే బాధ్యత మనది. అడ్డంగా కొట్టేసిన చెత్తబుట్ట బొమ్మ దాని మీద ఉంటుంది, అర్థం అదే. సర్వీస్ సెంటర్‌లోనో ఈ-వేస్ట్ తీసుకునేచోటో ఇవ్వండి. చెత్తబండిలో వేస్తే అది నలిగి మంటలు పుట్టే ప్రమాదం ఉంది, పాపం ఆ బండివాళ్ళే కాలుతారు.

పని చెడితే ఎవరిని అడగాలి

ముందు షాపు, లేదా కంపెనీ. నోటిమాట వద్దు, మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో అడగండి. ఏం జరిగింది, ఏం కావాలి, ఎన్ని రోజుల్లో కావాలి. ఆన్‌లైన్లో కొన్న బ్యాటరీ అయితే ఆ సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు వెతకండి. 2020 నాటి ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి.

తేలకపోతే 1915కి ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్ళు తీర్పు చెప్పరు, మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. అంతేనా అని తేలిగ్గా తీసుకోకండి. పెద్ద బ్రాండ్ల విషయంలో రెండు మూడు వేల గొడవకు ఇదే సరైన చోటని నా ఉద్దేశం. కౌంటర్ కుర్రాడి మాట కాదు, కంపెనీ పేరు మీద జవాబు వస్తుంది. మీ ఫిర్యాదుకు వాళ్ళిచ్చే డాకెట్ నంబరు దాచుకోండి. దొంగ ఆర్ నంబరు పట్టుకుంటే దాని ఫిర్యాదు బీఐఎస్ కేర్ యాప్‌లోనే పెట్టొచ్చు.

వీధి షాపువాడి దగ్గర 1915 అంత పనిచేయకపోవచ్చు. అక్కడ ఫోను మొత్తం పాడైనా, బ్యాటరీ పేలి ఎవరికైనా దెబ్బ తగిలినా జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్ళండి. ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లో కూర్చునే కేసు వేయొచ్చు. హైదరాబాద్‌లో కొన్న వస్తువుకు మీరుండేది శ్రీకాకుళంలో అయితే శ్రీకాకుళంలోనే వేయొచ్చు, 2019 చట్టం తెచ్చిన మంచి మార్పుల్లో ఇదొకటి. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. గడువు మాత్రం గుర్తుంచుకోండి, గొడవకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళు. ఎదుటివాళ్ళకు జవాబివ్వడానికి 30 రోజులు, అడిగితే ఇంకో 15. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. అంత త్వరగా అవుతుందని ఆశపెట్టుకుని టెన్షన్ పడకండి.

పిల్లలు విదేశాల్లో ఉన్నవాళ్ళకు

జర్మనీలోనో ఐర్లండ్‌లోనో మీవాళ్ళుంటే వాళ్ళ కథ వేరు. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీ చట్టంలో ఒక భాగం 2027 ఫిబ్రవరి 18 నుంచి అమల్లోకి వస్తుంది. దాని ప్రకారం ఫోన్ల లాంటి వాటిలో బ్యాటరీని వాడేవాడే తీసి మార్చుకోగలగాలి. మార్కెట్లో దొరికే పనిముట్లతో తీయగలగాలి, వేడిచేయడం, ద్రావకాలు పోయడం ఉండకూడదు. ఆ మోడల్‌లో చివరి ఫోను మార్కెట్లోకి వచ్చాక ఐదేళ్ళపాటు బ్యాటరీ సరైన ధరకు దొరకాలి. వేరే బ్యాటరీ పెట్టనీయకుండా సాఫ్ట్‌వేర్‌తో మెలిక పెట్టకూడదు.

దీనికి తోడు ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ 2025 జూన్ 20 నుంచి ఇంకో రూలు నడుస్తోంది. 800 సార్లు పూర్తిగా ఛార్జ్ అయ్యాక కూడా బ్యాటరీలో 80 శాతం మిగలాలి, ఆ మోడల్ అమ్మకం ఆగాక ఏడేళ్ళపాటు విడిభాగాలు దొరకాలి. ఇందులో ఒక సందు కూడా ఉంది. బ్యాటరీ 1,000 సార్లు ఛార్జ్ అయ్యాక 80 శాతం నిలబెట్టుకుని, ఫోను నీళ్ళను గట్టిగా తట్టుకునేదైతే ఆ బ్యాటరీని రిపేరు చేసేవాళ్ళకు మాత్రమే అమ్మినా సరిపోతుంది. కాబట్టి ఫోన్లన్నీ మళ్ళీ నోకియా మూతల్లా అయిపోతాయని సంబరపడకండి.

కాలిఫోర్నియాలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం 100 డాలర్లు, ఆపై ధర వస్తువులకు ఏడేళ్ళపాటు విడిభాగాలూ పనిముట్లూ సమాచారమూ ఇవ్వాలి. అక్కణ్ణుంచి వచ్చే తమ్ముడితో బ్యాటరీ తెప్పించుకుందామనుకుంటే ఒక జాగ్రత్త. విడి లిథియం బ్యాటరీ విమానంలో లగేజీలో వేయకూడదు, చేతిసంచిలోనే ఉండాలి, కొసలు ఒకదానికొకటి తగలకుండా టేపు వేయాలి.

ఈసారి కొత్త ఫోను కొనేటప్పుడు

యూరప్‌లో అమ్మే ఫోన్లకు బ్యాటరీ ఎంత మన్నుతుందో, రిపేరు ఎంత సులువో చెప్పే లేబుల్ ఉంటుంది. మనకు అలాంటిది ఇంకా రాలేదు. ఎంత సులువుగా రిపేరు చేయొచ్చో చెప్పే మార్కుల పద్ధతి మీద 2025 మేలో ఒక కమిటీ కేంద్రానికి నివేదిక ఇచ్చింది. అందాకా యూరప్ వాళ్ళ లేబుల్‌ని మనం వాడుకోవచ్చు, డబ్బులేం అడగరు. ఎప్రెల్ అనే వాళ్ళ ప్రభుత్వ డేటాబేస్ ఎవరికైనా తెరిచే ఉంటుంది. మీరు కొనదలచిన ఫోను అక్కడ కూడా అమ్ముతుంటే మోడల్ నంబరు కొట్టి వెతకండి. లేబుల్ మీద బ్యాటరీ ఎన్ని ఛార్జ్‌ల దాకా 80 శాతం నిలబెడుతుందో, రిపేరు సులువు ఏ నుంచి ఈ దాకా ఏ తరగతిలో ఉందో, కింద పడితే ఎంత తట్టుకుంటుందో ఉంటాయి. ఒకే పేరుతో ఇక్కడా అక్కడా వేరే బ్యాటరీ సైజులతో అమ్మే ఫోన్లు ఉన్నాయి కనుక పేరు కాదు, మోడల్ నంబరే సరిచూడండి. మా అమ్మకు తర్వాత ఫోను కొనాల్సి వస్తే రంగు ఆవిడ చూసుకుంటుంది, ఈ లేబుల్ నేను చూస్తాను.